జ్వరాన్నే మందుగా మార్చిన డాక్టర్: విలియం కోలీ జీవితం

క్యాన్సర్ అంటే మన ఇళ్లలో మూడు మాటలే వినపడతాయి. ఆపరేషన్, కరెంటు పెట్టడం, కీమో. ఈ మధ్య పెద్దాసుపత్రులకు వెళ్లొచ్చినవాళ్ల నోట నాలుగో మాట కూడా వస్తోంది. అదే ఇమ్యునోథెరపీ. ఇందులో మందు నేరుగా క్యాన్సర్‌ని చంపదు. మన ఒంట్లో అల్లాహ్ పెట్టిన రక్షణ కణాలనే లేపి దాని మీదకు పంపుతుంది.

ఇది నిన్న మొన్న వచ్చిన వైద్యం అని చాలామంది అనుకుంటారు. నిజానికి దీనికి పునాది పడింది 130 ఏళ్ల కిందట, న్యూయార్క్‌లో. ఆ పునాది వేసిన డాక్టర్ విలియం కోలీని బతికుండగా సగం మంది డాక్టర్లు నమ్మలేదు. పోయాక ఆయన మందునే మరిచిపోయారు. చివరికి ఆయన పేరు నిలబెట్టింది డాక్టర్ చదువు చదవని ఆయన కూతురు. ఈ తండ్రీకూతుళ్ల కథ మన కుటుంబాలు తెలుసుకోవాల్సిన కథ.

మొదటి పేషెంట్, మొదటి ఓటమి

కోలీ 1862 జనవరి 12న అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో పుట్టారు. యేల్ యూనివర్సిటీలో చదివారు. కొన్నాళ్లు ఆరెగాన్ రాష్ట్రంలో టీచర్‌గా పనిచేశారు. తర్వాత హార్వర్డ్‌లో వైద్యం చదివి 1888లో పట్టా తీసుకున్నారు. న్యూయార్క్ హాస్పిటల్‌లో సర్జన్‌గా చేరారు. కత్తి పట్టడంలో మంచి చెయ్యి అని తొందరలోనే పేరొచ్చింది.

1890లో ఆయన దగ్గరికి ఎలిజబెత్ డాషియల్ అనే 17 ఏళ్ల అమ్మాయి వచ్చింది. ఇంట్లో బెస్సీ అని పిలిచేవాళ్లు. రైలు ప్రయాణంలో సీటు మధ్య చెయ్యి ఇరుక్కుని నలిగింది. మామూలు దెబ్బే కదా అనుకున్నారు. కానీ వాపు తగ్గలేదు, నొప్పి పెరిగిపోయింది. పరీక్ష చేస్తే ఎముక దగ్గర పుట్టే సార్కోమా అనే క్యాన్సర్ అని తేలింది. అప్పటికి ఉన్న వైద్యం ఒక్కటే, కోసెయ్యడం. కోలీ ఆ అమ్మాయి చేతిని మోచేతి కింద తీసేశారు. అయినా జబ్బు ఒళ్లంతా పాకింది. 1891 జనవరి 23న బెస్సీ చనిపోయింది.

డాక్టర్‌గా చేరి మూడేళ్లు కూడా కాని మనిషి ఆయన. ఆ చావు ఆయన్ని వదల్లేదు. ఆ అమ్మాయికి దగ్గరి స్నేహితుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్, అంటే అమెరికాలోనే అతి పెద్ద ధనవంతుడి కొడుకు. తర్వాత రాక్‌ఫెల్లర్ కుటుంబం క్యాన్సర్ పరిశోధనకు డబ్బులివ్వడం వెనక ఈ అమ్మాయి జ్ఞాపకం కూడా ఉందని చెప్తారు.

పాత రికార్డుల్లో దొరికిన మనిషి

కోలీ ఏడుస్తూ కూర్చోలేదు. హాస్పిటల్ పాత రికార్డులు ముందేసుకుని సార్కోమా కేసులన్నీ ఒక్కొక్కటిగా తిరగేశారు. అందులో ఒక కేసు విచిత్రంగా కనిపించింది. పేషెంట్ పేరు ఫ్రెడ్ స్టైన్. జర్మనీ నుంచి వలస వచ్చినవాడు. మెడ మీద గడ్డ. ఎన్నిసార్లు కోసినా మళ్లీ వచ్చేది. డాక్టర్లు ఆశ వదిలేశారు. ఆ సమయంలో అతనికి ఎరిసిపెలస్ పట్టుకుంది. ఇది స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే చర్మ రోగం. చర్మం ఎర్రగా కందిపోయి వాస్తుంది, మండుతుంది, విపరీతమైన జ్వరం వస్తుంది. యాంటీబయాటిక్స్ లేని ఆ రోజుల్లో దీనితోనే చాలామంది చనిపోయేవాళ్లు.

స్టైన్ చనిపోలేదు. పైగా జ్వరం వచ్చిన ప్రతిసారీ గడ్డ చిన్నదవుతూ వచ్చి, చివరికి మాయమైంది. అతను ఇంటికి వెళ్లిపోయినట్టు రికార్డులో ఉంది. ఇదంతా ఏడేళ్ల కిందటి మాట. ఆ మనిషి ఇప్పుడు ఉన్నాడా లేడా?

కోలీ స్వయంగా బయల్దేరారు. న్యూయార్క్‌లో పేద వలస కుటుంబాలు కిక్కిరిసి బతికే లోయర్ ఈస్ట్ సైడ్ ఇళ్ల మధ్య తిరిగి తిరిగి స్టైన్‌ని పట్టుకున్నారు. మనిషి నిక్షేపంగా ఉన్నాడు. మెడ మీద పాత ఆపరేషన్ల మచ్చలు తప్ప క్యాన్సర్ జాడ లేదు.

జ్వరాన్ని తిట్టొద్దని మన పెద్దవాళ్లు హదీసు గుర్తుచేసి మరీ చెప్తుంటారు. జ్వరం పాపాలను కడిగేస్తుందని అక్కడి మాట. అది ఈమాన్‌కి సంబంధించిన విషయం, వైద్యానికి కాదు. దాన్నీ దీన్నీ కలపకూడదు. కానీ జ్వరాన్ని శత్రువుగా మాత్రమే చూడని డాక్టర్ ఒకరు ఉన్నారంటే, ఆయన కథ మన చెవులకు కొంచెం దగ్గరగానే వినపడుతుంది.

కావాలని జబ్బు అంటించడం

కోలీకి ఒక ఆలోచన వచ్చింది. దానంతటదే వచ్చిన ఎరిసిపెలస్ గడ్డను కరిగించిందంటే, కావాలని అంటిస్తే ఏమవుతుంది? ఈ ఆలోచన చేసిన మొదటివాడు ఆయన కాదు. జర్మనీలో కొందరు డాక్టర్లు అంతకుముందే ప్రయత్నించారు. కానీ పట్టు వదలకుండా వెంటపడింది మాత్రం కోలీయే.

1891 మేలో జోలా అనే ఇటలీ వలసదారుడికి మొదటి సూది వేశారు. మెడలో, గొంతులో గడ్డలు. అన్నం మింగలేడు, మాట సరిగ్గా రాదు. ఇంకొన్ని వారాలే బతుకుతాడని అందరూ తేల్చేశారు. కోలీ నెలల తరబడి బ్యాక్టీరియా ఎక్కిస్తూ పోయారు. కొంచెం జ్వరం, కొంచెం వాపు, అంతే. చివరికి జర్మనీలో రాబర్ట్ కాఖ్ ల్యాబ్ నుంచి గట్టి బ్యాక్టీరియా తెప్పించారు. అక్టోబర్‌లో అది ఎక్కించగానే జోలాకు ఎరిసిపెలస్ పూర్తిగా పట్టుకుంది. జ్వరం 105 డిగ్రీలు దాటింది. ఇక పోతాడేమో అన్నంత పనైంది. కానీ రెండు వారాల్లో మెడలో గడ్డ కరిగిపోయింది. కొన్ని వారాల్లో పోతాడన్న మనిషి ఇంకో ఎనిమిదేళ్లు బతికాడు.

అందరికీ అలా జరగలేదు. కొంతమందికి ఎన్నిసార్లు ఎక్కించినా జబ్బు అంటలేదు. అంటినవాళ్లలో ఇద్దరు ఆ బ్యాక్టీరియాతోనే చనిపోయారు. బతికించడానికి చేసిన పనే ప్రాణం తీసింది. కోలీ ఇక్కడ మొండికి పోలేదు. బతికున్న బ్యాక్టీరియాను పక్కన పెట్టేశారు. రెండు రకాల బ్యాక్టీరియాను వేడితో చంపి, వాటి విషాలతో సూది మందు తయారు చేశారు. దీనికే కోలీ టాక్సిన్స్ అని పేరొచ్చింది. జబ్బు అంటదు, కానీ జ్వరం మాత్రం వస్తుంది.

1893 జనవరిలో జాన్ ఫికెన్ అనే 16 ఏళ్ల కుర్రాడికి ఈ కొత్త మందు ఇచ్చారు. కడుపులో పెద్ద గడ్డతో మంచం పట్టినవాడు. కొన్ని రోజులకోసారి సూది, ప్రతిసారీ చలి, వణుకు, జ్వరం. నాలుగు నెలల్లో గడ్డ బాగా తగ్గిపోయింది. ఆ కుర్రాడు 26 ఏళ్లు బతికి, గుండెపోటుతో చనిపోయాడు. క్యాన్సర్‌తో కాదు.

లెక్కలు సరిగ్గా లేకపోతే

ఇంత జరిగాక ప్రపంచమంతా ఆయన మందు వెంట పడి ఉండాలి కదా. అలా జరగలేదు. 1894లోనే అమెరికా వైద్యుల సంఘం పత్రిక ఈ మందు విఫలమైందని రాసేసింది. 1895లో రాంట్‌జన్ ఎక్స్‌రే కనిపెట్టారు. త్వరలోనే ఎక్స్‌రే, రేడియం కిరణాలతో గడ్డలు కరుగుతున్నాయని వార్తలొచ్చాయి. కిరణం పెడితే గడ్డ అక్కడికక్కడే తగ్గేది, ఎవరు పెట్టినా ఇంచుమించు ఒకేలా తగ్గేది. కోలీ మందుతో అయితే రోజుల తరబడి పేషెంట్ పక్కన కూర్చుని, జ్వరం చూస్తూ డోసు పెంచుకుంటూ పోవాలి.

న్యూయార్క్ మెమోరియల్ హాస్పిటల్‌లో జేమ్స్ ఎవింగ్ అనే పెద్ద డాక్టర్ ఉండేవారు. ఎవింగ్ సార్కోమా అనే ఎముక క్యాన్సర్‌కు ఈయన పేరే పెట్టారు. ఆయన రేడియేషన్ పక్షం. కోలీ మందు మీద ఆయనకు నమ్మకం లేదు. ఒకే హాస్పిటల్‌లో ఉంటూ ఇద్దరూ ఏళ్ల తరబడి పడకుండా గడిపారు.

అయితే తప్పంతా ఎదుటివాళ్లదే అనడం న్యాయం కాదు. కామర్స్ చదివినవాళ్లు ఎవరైనా కోలీ కాగితాలు చూస్తే మొదట పట్టుకునేది లెక్కల్లో లోపాన్నే. ఆయన మందు ఒకే రకంగా ఉండేది కాదు. ఒక్కో కాలంలో ఒక్కో పద్ధతిలో, ఒక్కో చోట తయారయ్యేది. కొన్ని చాలా బలమైనవి, కొన్ని నీళ్లలాంటివి. 1899 నుంచి పార్క్ డేవిస్ కంపెనీ తయారు చేసి అమ్మింది. అది బలం తక్కువదనే మాట ఉంది. సూది ఒకరికి గడ్డలోనే వేశారు, ఇంకొకరికి కండకు వేశారు, మరొకరికి నరానికి. ఎవరికి ఎన్నాళ్లు ఇచ్చారో, తర్వాత ఆ మనిషి ఏమయ్యాడో అన్నీ ఒక చోట రాసి లేవు. కొంతమందికి మందుతో పాటు ఆపరేషనూ జరిగింది, కిరణాలూ పెట్టారు. మరి నయమైంది దేనివల్ల? ఇంకో డాక్టర్ అదే మందు వాడితే అదే ఫలితం వస్తుందన్న హామీ లేదు. ఖాతా పుస్తకం సరిగ్గా లేని వ్యాపారికి బ్యాంకు అప్పు ఇవ్వనట్టే, వైద్య లోకం కూడా ఆయన మాటకు విలువ ఇవ్వలేదు.

పైగా మందు ఎలా పనిచేస్తుందో ఆయనే చెప్పలేకపోయారు. బ్యాక్టీరియా విషమే గడ్డను చంపుతోందని అనుకున్నారు. ఒంట్లో రక్షణ కణాలు లేచి ఆ పని చేస్తున్నాయని అర్థం చేసుకోవడానికి కావాల్సిన సైన్స్ అప్పటికి పుట్టలేదు.

కోలీ మాత్రం ఆపలేదు. రోజువారీగా హెర్నియా ఆపరేషన్లు, ఎముకల వైద్యం చేసుకుంటూనే దాదాపు నలభై ఏళ్లలో సుమారు 1000 మందికి ఆ మందు ఇచ్చారు. 1936 ఏప్రిల్ 16న చనిపోయారు.

ఆయన తర్వాత కీమో రోజులొచ్చాయి. అందులో మన తెలుగువాడి చెయ్యి కూడా ఉంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి ల్యాబ్ నుంచి వచ్చిన అమినోప్టెరిన్‌తోనే సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల బ్లడ్ క్యాన్సర్‌ను కొన్నాళ్లైనా వెనక్కి నెట్టి చూపించారు. సుబ్బారావు గారు పుట్టింది 1895 జనవరి 12న. కోలీ పుట్టినరోజు కూడా అదే తేదీ. కీమో వెలుగులో కోలీ మందు మరుగున పడిపోయింది. 1965లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ ఆ మందును రుజువు కాని వైద్యాల జాబితాలో, నాటు మందుల సరసన పెట్టేసింది. మళ్లీ తీసింది 1975లో.

కూతురు పట్టిన లెక్క

కోలీకి ఒక కొడుకు, ఒక కూతురు బతికారు. కొడుకు బ్రాడ్లీ ఎముక క్యాన్సర్ సర్జన్ అయ్యారు. కూతురు హెలెన్‌కు డాక్టర్ పట్టా లేదు. పెళ్లయి, పిల్లలతో ఇల్లు చూసుకునే మనిషి. తండ్రి జీవితం రాద్దామని ఆయన కాగితాలు, ఉత్తరాలు తిరగేయడం మొదలుపెట్టారు. చదివే కొద్దీ ఆమెకు ఒకటి అర్థమైంది. తండ్రి చేయని పని తను చెయ్యాలి. ప్రతి పేషెంట్ పేరు, జబ్బు, ఏ రకం మందు, ఎన్ని రోజులు, ఎంత జ్వరం, తర్వాత ఎన్నేళ్లు బతికాడు, ఇవన్నీ ఒక్కొక్కటిగా రాస్తూ పోయారు. ఏళ్లు పట్టింది. సుమారు 1000 కేసులు ఒక క్రమంలోకి వచ్చాయి.

ఆ లెక్కల్లో ఒక విషయం బయటపడింది. బాగా జ్వరం వచ్చేలా, ఎక్కువ కాలం మందు తీసుకున్నవాళ్లలోనే మంచి ఫలితాలు ఎక్కువ. మధ్యలో ఆపేసినవాళ్లలో తక్కువ. తండ్రి కళ్ల ముందే ఉన్నా తండ్రికి కనపడని సంగతి ఇది.

పెద్ద పెద్ద డాక్టర్లు ఆమెను పట్టించుకోలేదు. పట్టా లేని ఆడమనిషి, పైగా సొంత తండ్రి గురించి చెప్తోంది అన్నారు. ఆమె ఆగలేదు. 1953లో రాక్‌ఫెల్లర్ కుటుంబం నుంచి వచ్చిన 2,000 డాలర్లతో క్యాన్సర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించారు. ఆ సంస్థ ఇప్పటికీ ఇమ్యునోథెరపీ పరిశోధనకు డబ్బులిస్తోంది. హెలెన్ 2001లో చనిపోయారు.

మన ఆడపిల్లల్లో చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లు ఎందరో ఉన్నారు. పట్టా లేదని వాళ్ల తెలివిని లెక్క చేయని ఇళ్లూ ఉన్నాయి. హెలెన్ గురించి ఆ ఇళ్లలో చెప్పుకోవాలి.

బ్రేకులు తీసే మందులు

కోలీ ఆలోచనకు దగ్గరి చుట్టం ఒకటి మన అందరి భుజం మీద మచ్చగా ఉంది. అదే బీసీజీ టీకా. టీబీ రాకుండా పసిపిల్లలకు వేసే ఈ టీకాలోని బ్యాక్టీరియాతో క్యాన్సర్ మీదకు రక్షణ కణాలను లేపొచ్చని 1959లో లాయిడ్ ఓల్డ్ ఎలుకల్లో చూపించారు. ఈయన తర్వాత హెలెన్ సంస్థలోనే పెద్ద బాధ్యతలు చూశారు. ఈ రోజు మూత్రాశయ క్యాన్సర్ తొలి దశలో బీసీజీ వాడటం మామూలు వైద్యం.

తర్వాత అసలు రహస్యం తెలిసింది. మన రక్షణ కణాలకు బ్రేకులు ఉంటాయి. సొంత ఒంటిని అవి కొరికెయ్యకుండా ఈ ఏర్పాటు. క్యాన్సర్ కణం ఆ బ్రేకును తొక్కి పట్టి దాక్కుంటుంది. జపాన్‌లో తసుకు హోంజో పీడీ-1 అనే బ్రేకును 1992లో కనిపెట్టారు. అమెరికాలో జేమ్స్ ఆలిసన్ సీటీఎల్‌ఏ-4 అనే ఇంకో బ్రేకును ఆపితే ఎలుకల్లో గడ్డలు కరుగుతాయని 1996లో చూపించారు. వీటినే ఇమ్యూన్ చెక్‌పాయింట్లు అంటారు. మొదటి మందు 2011లో వచ్చింది. ఇద్దరికీ 2018లో నోబెల్ ఇచ్చారు.

మరి క్రానిక్ బ్లడ్ క్యాన్సర్ సంగతి? పెద్ద వయసులో ఎక్కువగా వచ్చే సీఎల్‌ఎల్‌లో కథ అంత తేలిగ్గా లేదు. అక్కడ చెడిపోయింది రక్షణ కణాల కుటుంబమే. అలసిపోయిన కణాల బ్రేకు తీసినంత మాత్రాన అవి పరిగెత్తవు. పీడీ-1 మందు ఒక్కటే ఇస్తే మామూలు సీఎల్‌ఎల్‌లో పెద్దగా పనిచేయలేదు. ఆ జబ్బు ముదిరి వేరే రూపం తీసుకున్న కొందరిలో మాత్రం కొంత ఫలితం కనిపించింది.

ఇక్కడే మైక్రోఆర్‌ఎన్‌ఏ అనే మాట వస్తుంది. జన్యువు పంపే ఆర్డరు ప్రోటీన్‌గా మారకముందే మధ్యలో ఆపే చిన్న చిన్న ముక్కలివి. సీఎల్‌ఎల్ పేషెంట్లలో చాలామందికి 13వ క్రోమోజోమ్‌లో ఒక భాగం పోయి, మిర్-15, మిర్-16 అనే రెండు ముక్కలు తగ్గిపోతాయని 2002లో కార్లో క్రోచే బృందం కనిపెట్టింది. ఆ రెండూ లేకపోతే బీసీఎల్-2 అనే ప్రోటీన్ పెరిగిపోయి, చావాల్సిన కణం చావకుండా బతికేస్తుంది. అదే ప్రోటీన్‌ను ఆపే వెనెటోక్లాక్స్ మాత్ర 2016 నుంచి ఈ జబ్బుకు వాడుతున్నారు. మైక్రోఆర్‌ఎన్‌ఏలు చెక్‌పాయింట్ బ్రేకులను కూడా పెంచగలవు, తగ్గించగలవు. అందుకే ఈ రెండింటినీ కలిపి మందు చేయాలని పరిశోధన సాగుతోంది. మైక్రోఆర్‌ఎన్‌ఏ కనిపెట్టినందుకు 2024లో నోబెల్ కూడా వచ్చింది. కానీ మందు ఇంకా మన చేతికి రాలేదు. మిర్-34 అనే ముక్కతో వేరే క్యాన్సర్ల పేషెంట్లపై చేసిన పరీక్షను, రక్షణ కణాలు అదుపు తప్పి ప్రాణాపాయం రావడంతో 2016లో ఆపేశారు. కోలీకి ఆ ఇద్దరు పేషెంట్ల విషయంలో ఎదురైన సమస్యే ఇది. నిప్పు రాజెయ్యాలి, ఇల్లు తగలబడకూడదు.

మనం ఏం తీసుకోవాలి

ఈ కథ విని ఎవరూ జ్వరంతో క్యాన్సర్ పోతుందని అనుకోవద్దు. క్యాన్సర్ పేషెంట్‌కి, ముఖ్యంగా బ్లడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లకు, జ్వరం వస్తే అది ప్రమాద సూచన. ఆ రోజే ఆసుపత్రికి పరిగెత్తాలి. ఇమ్యూనిటీ పెంచుతాం, క్యాన్సర్ తగ్గిస్తాం అని పొడులు, కషాయాలు అమ్మేవాళ్లకు కూడా కోలీ కథే జవాబు. ఆయన దగ్గర నిజంగా నయమైన మనుషులున్నారు. అయినా లెక్క చూపలేకపోయినందుకు ఆ మందు అరవై ఏళ్లకు పైగా వెనకబడింది. అసలు లెక్కే లేనివాళ్ల మాట ఎలా నమ్ముతాం?

ఇంట్లో పెద్దవాళ్ల రక్త పరీక్షలో తెల్ల కణాలు ఎక్కువ వచ్చాయంటే కంగారు పడకండి, ఊరుకోనూ కండి. రక్త జబ్బుల డాక్టర్‌ని కలవండి. సీఎల్‌ఎల్ అని తేలినా చాలామందికి వెంటనే మందు అవసరం ఉండదు, పరీక్షలు చేస్తూ గమనిస్తే సరిపోతుంది. మందు ఎప్పుడు మొదలుపెట్టాలి, 13వ క్రోమోజోమ్ లాంటి పరీక్షలు ఏవి చేయించాలి అని డాక్టర్‌నే అడగండి.

ఇంకొకటి, ఖర్చు లేని పని. అబ్బాకో అమ్మీకో జరిగే వైద్యం కాగితాలన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టండి. ఏ మందు, ఎంత డోసు, ఏ రోజు జ్వరం వచ్చింది, ఎలా తగ్గింది, అన్నీ రాయండి. ఆ పని ఇంట్లో చదువుకుంటున్న అమ్మాయికి అప్పజెప్పండి. ప్రతి జబ్బుకూ అల్లాహ్ మందు దించాడని మనం నమ్ముతాం. దాన్ని వెతికేవాళ్లకు సరైన లెక్క కావాలి. ఆ లెక్క మన ఇంటి ఫైల్లోంచే మొదలవుతుంది.